వేలు ఇక్కడ... క్లిక్కు అక్కడ!

మీకు తెలుసా? సెల్ఫీ స్టిక్ పిడి మీదుండే ఆ బుల్లి బటన్‌కు ఫొటో తీయడం అస్సలు రాదు! చాలా బ్లూటూత్ స్టిక్కులు ఫోన్‌కు "నేనో కీబోర్డుని" అని పరిచయం చేసుకుంటాయి. మీరు నొక్కగానే "సౌండు పెంచు" అనే సంకేతాన్ని పంపుతాయి. కెమెరా యాప్ తెరిచి ఉంటే ఫోన్ దాన్ని "ఫొటో తియ్యి" అని తీసుకుంటుంది. నమ్మకం లేదా? కెమెరా మూసేసి ఓ పాట పెట్టి అదే బటన్ నొక్కండి. పాట హోరెత్తుతుంది!

ఐఫోన్‌లో సౌండు బటన్‌తో ఫొటో తీసే వీలు 2011లో వచ్చింది. దాంతోపాటే తీగ ఇయర్‌ఫోన్స్ మీదుండే సౌండు బటన్‌కూ అదే విద్య అబ్బింది. అంటే చెవుల్లో పాటలు పోసిన ఆ తీగ, అప్పట్నుంచీ కెమెరా రిమోట్ కూడా! జేబులో పెట్టుకుని తిరిగినవాళ్లలో ఎంతమందికి తెలుసంటారు?

మీకు తెలుసా? సెల్ఫీ స్టిక్ పుట్టడానికి కారణం ఓ చిన్న దొంగ! మినోల్టా కంపెనీలో పనిచేసే హిరోషి ఉయెదా అనే జపాన్ ఇంజినీరు, భార్యతో ప్యారిస్ వెళ్లారు. లూవ్ర్ మ్యూజియం దగ్గర "మా ఇద్దరికీ ఓ ఫొటో తియ్యి బాబూ" అని ఓ కుర్రాడి చేతికి కెమెరా ఇచ్చారు. కుర్రాడు కెమెరాతో ఉడాయించాడు! ఇక ఎవర్నీ అడిగే పనే ఉండకూడదని ఉయెదా 1980ల మొదట్లో పొడవు పెరిగే కర్రను, కెమెరా ముందు ఓ చిన్న అద్దాన్ని తయారుచేసి పేటెంట్ తీసుకున్నారు. జనం పట్టించుకోలేదు. 1995లో వచ్చిన ఓ పుస్తకం ఆ కర్రను జపాన్ వారి 101 పనికిరాని వస్తువుల్లో చేర్చేసింది. 2003లో పేటెంట్ గడువు తీరిపోయింది. ఆ తర్వాత పదేళ్లకు ప్రపంచమంతా ఆ కర్ర పట్టుకుని ఊరేగింది. ఉయెదాకు మాత్రం పేటెంట్ డబ్బు... సున్నా!

ఫొటో మసకబారడానికి ముఖ్య నిందితుడెవరో చెప్పుకోండి. మీ చూపుడు వేలు! స్టాండు మీద కూర్చున్న కెమెరా కూడా బటన్ నొక్కేటప్పుడు సన్నగా వణుకుతుంది. నక్షత్రాలను తీసేటప్పుడు షట్టర్ అరనిమిషం తెరిచి ఉండాలి, ఆ వణుకు చాలు చుక్క కాస్తా గీత అయిపోవడానికి. అందుకే కెమెరాను వైఫైతో ఫోన్‌కు కలిపి, ఫోన్‌లో నొక్కితే ఫొటో బాగుంటుంది. చేతులు కట్టుకుని నిలబడటం కూడా ఓ కళే!

ఫోన్ లేని కాలంలో ఏం చేసేవారో? గాలి ఊదేవారు! రబ్బరు బుడ్డి ఒకటి, దాన్నుంచి కెమెరా దాకా పొడవాటి రబ్బరు గొట్టం. బుడ్డి పిసికితే గాలి పరుగెత్తి షట్టర్‌ను తోస్తుంది. నూరేళ్ల కిందటి ఫొటోగ్రాఫర్లు ఇలాగే తమ ఫొటో తామే దిగారు. చార్జింగ్ అక్కర్లేని రిమోట్!

మీకు తెలుసా? 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవ్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు 3.6 కిలోలు. దాని సత్తా 0.01 మెగాపిక్సెల్. ఒక్క ఫొటోను క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు! అంతసేపట్లో నేటి కుర్రకారు మూడు సెల్ఫీలు దిగి రెండు తీసేస్తారు.

ఇప్పుడు అసలు ముచ్చట. కెమెరాకూ మొబైల్‌కూ పెళ్లి జరిగింది ఓ ప్రసూతి ఆస్పత్రిలో! 1997 జూన్ 11, కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్. ఫిలిప్ కాన్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు భార్య ప్రసవం కోసం ఎదురుచూస్తూ, తన క్యాసియో డిజిటల్ కెమెరాను, మోటరోలా ఫోన్‌ను, ల్యాప్‌టాప్‌ను తీగలతో కలిపేశారు. పాప పుట్టగానే తీసిన ఫొటో 2,000 మందికి పైగా బంధుమిత్రులకు చేరిపోయింది. బారసాల కాకముందే ఊరందరికీ దర్శనం!

వైఫై కెమెరా ముందా, ఐఫోన్ ముందా? కొడాక్, నికాన్ కంపెనీలు వైఫై ఉన్న కెమెరాలను 2005లోనే తెచ్చాయి. ఐఫోన్ పుట్టింది 2007లో. అంటే ఫోన్‌తో మాట్లాడటానికి కెమెరా రెండేళ్ల ముందే వచ్చి కూర్చుంది. పెళ్లికొడుకే ఆలస్యం!

2007లో ఐ-ఫై అనే మెమరీ కార్డు వచ్చింది. తపాలా బిళ్లంత కార్డు, దాని కడుపులోనే వైఫై! పాత కెమెరాలో దూర్చితే చాలు, ఫొటోలు గాల్లో ఎగిరి కంప్యూటర్‌లో వాలేవి. కెమెరా పాతదే, తెలివి కొత్తది. ఇలాంటి వస్తువును చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

క్యానన్ డీఎస్ఎల్ఆర్‌లలో కడుపులోనే వైఫై పెట్టుకుని పుట్టిన తొలి కెమెరా ఈఓఎస్ 6డీ. 2012లో వచ్చింది. ఫోన్ తెరమీద ముఖాన్ని తాకితే అక్కడ కెమెరా ఆ ముఖం మీద ఫోకస్ పెట్టడం, వెలుతురు తక్కువైతే ఇక్కణ్నుంచే ఐఎస్ఓ పెంచడం, చివరికి క్లిక్! గ్రూప్ ఫొటోలో ఎప్పుడూ కనిపించని బాబాయి... ఆ ఫొటోలు తీసే బాబాయి... ఎట్టకేలకు నడిమధ్యలో నిలబడ్డాడు!

మీకు తెలుసా? 2013లో సోనీ ఓ కెమెరా అమ్మింది. దానికి తెర లేదు, కన్ను పెట్టి చూసే కిటికీ లేదు. మొత్తం ఓ లెన్సు డబ్బా! పేర్లు క్యూఎక్స్10, క్యూఎక్స్100. ఫోన్‌కు తగిలించుకోవచ్చు. లేదంటే డబ్బాను బీరువా మీద పెట్టి, సోఫాలో కూర్చుని ఫోన్‌లో చూస్తూ తీసుకోవచ్చు. తల ఒకచోట, కళ్లు మరోచోట!

కెమెరాను కలపగానే ఫోన్ "ఇంటర్నెట్ లేదు" అని ఎందుకు గోల పెడుతుందో తెలుసా? కెమెరా తానే ఓ చిన్న వైఫై కేంద్రమై ఫోన్‌ను పిలుస్తుంది. దాని దగ్గర ఫొటోలున్నాయి, ఇంటర్నెట్ లేదు! ఫోన్ మాత్రం మాటిమాటికీ మొబైల్ డేటా వైపు పారిపోవాలని చూస్తుంది. ఆ కాసేపు డేటా ఆపేయండి, బుద్ధిగా కూర్చుంటుంది. ఫొటోగ్రాఫర్ల జుట్టు సగం నెరిసేది ఇక్కడే!

ఇది వింటే నోరెళ్లబెడతారు. మీ బ్లూటూత్ వెనకున్న ఆలోచనకు పేటెంట్ తీసుకున్నది ఓ హాలీవుడ్ కథానాయిక! పేరు హెడీ లమార్. ఆస్ట్రియాలో పుట్టి, అమెరికాలో వెండితెరను ఏలిన అందగత్తె. రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. రేడియోతో నడిపే టార్పెడోలకు శత్రువులు అడ్డుతగలకుండా ఏం చేయాలని ఆలోచించి, సంకేతాన్ని ఒకే తరంగం మీద ఉంచకుండా గంతులు వేయించాలని తేల్చింది. తోడుగా జార్జ్ ఆంథైల్ అనే సంగీత దర్శకుడు. వాళ్ల యంత్రంలో తరంగాలు ఎన్నో చెప్పండి? 88! పియానోకు ఉండే మీటలు ఎన్నో, అన్నే.

1942 ఆగస్టు 11న పేటెంట్ వచ్చింది. అమెరికా నౌకాదళం దాన్ని పక్కన పడేసింది. ఇప్పుడు చూడండి. మామూలు బ్లూటూత్ 79 దారుల మధ్య సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. ఆ పేటెంట్ గడువు తీరేదాకా హెడీకి, ఆంథైల్‌కు పైసా రాలేదు. ఇయర్‌బడ్స్ పెట్టుకునే ప్రతివాళ్లూ ఆవిడకు ఓ దండం పెట్టాలని నా గట్టి అభిప్రాయం!

మరి వైఫై కెమెరాను నీళ్లలో ముంచితే? ఆట బంద్! వైఫై తరంగాలను నీరు ఆబగా తాగేస్తుంది. గాల్లో పది, ఇరవై మీటర్లు హాయిగా పలికే యాప్, కెమెరా నీటిలో కొంచెం లోతుకు దిగగానే మూగబోతుంది. మన ఒంట్లోనూ సగానికి పైగా నీరే, అందుకే కెమెరాకూ ఫోన్‌కూ మధ్య లావుపాటి మామయ్య నిలబడినా సిగ్నల్ తగ్గుతుంది. మామయ్యను కాస్త పక్కకు జరగమనండి!

మీకు తెలుసా? 20 మెగాపిక్సెల్స్ కెమెరా కూడా ఫోన్‌కు 2 మెగాపిక్సెల్స్ ఫొటోనే పంపే వీలుంది. నికాన్ 2016లో తెచ్చిన స్నాప్‌బ్రిడ్జ్ సంగతి ఇది. వాట్సాప్‌కు చిన్న బొమ్మ, ఆల్బమ్‌కు పెద్ద బొమ్మ. బదులుగా ఫోన్ ఏం ఇస్తుందో? తాను ఎక్కడుందో చెబుతుంది. ఆ ఊరి చిరునామా ఫొటోలోకి ఎక్కిపోతుంది. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదీ!

పెన్నుతో ఫొటో తీయొచ్చా? తీయొచ్చు! 2018లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ నోట్ 9 పెన్నులో బ్లూటూత్ ఉంది. 40 సెకన్లు చార్జ్ చేస్తే 200 క్లిక్కులు. ఆపిల్ వాచ్ అయితే 2015 నుంచే చేతి మణికట్టు మీద ఐఫోన్ కెమెరాను చూపించి క్లిక్ చేయిస్తోంది. ఇంకా విడ్డూరం కావాలా? సోనీ 2007లో నవ్వితే చాలు క్లిక్‌మనే కెమెరా తెచ్చింది. ఆ ఇంట్లో ముభావంగా ఉండే పెదనాన్న గారికి ఫొటోలే లేవన్నమాట!

ఆగండి, ఇప్పుడు కాస్త భయపెడతాను. 2019 ఆగస్టులో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ నిపుణులు ఓ క్యానన్ 80డీ కెమెరాలోకి వైఫై ద్వారా దూరి, లోపలున్న ఫొటోలన్నింటికీ తాళం వేసేశారు. కెమెరా తెర మీదే "డబ్బు కట్టు" అని నోటీసు! అది ప్రయోగం కోసం చేసింది, క్యానన్ వెంటనే వాడకందార్లను హెచ్చరించి సవరణలు తెచ్చింది. కాబట్టి రైల్వేస్టేషన్‌లో ఉచిత వైఫై కనిపించగానే కెమెరాను దానికి కలపకండి. హనీమూన్ ఫొటోలకు కప్పం కట్టాల్సి వస్తే ఎలా?

అన్ని కంపెనీల కెమెరాలతో ఒకే యాప్ ఎలా మాట్లాడగలుగుతుందంటారా? పీటీపీ అనే ఉమ్మడి భాష ఉంది. దానికి అంతర్జాతీయ ప్రమాణ సంఖ్య కూడా ఉంది, 15740. ఆ భాష నేర్చిన జీఫొటో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2,500 రకాలకు పైగా కెమెరాలతో మాట కలుపుతుంది. అమ్మకాల్లో బద్ధశత్రువులు, మాటల్లో మాత్రం చుట్టాలు!

మీకు తెలుసా? దూరం నుంచి కెమెరాలో చూడటం ఇంటర్నెట్‌లోకి ఎక్కింది కాఫీ కోసం! 1991లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు మెట్లు దిగి వచ్చేసరికి పాత్రలో కాఫీ ఉండేది కాదు. దాని ఎదుట ఓ కెమెరా పెట్టేశారు. బొమ్మ కొలత 128 చుక్కలు బై 128 చుక్కలు. 1993లో అది వెబ్ మీదికి వచ్చింది, ప్రపంచమంతా ఆ పాత్రను తొంగిచూసింది. కెమెరా ఆపేసిన 2001లోనే కాఫీ పాత్రను వేలం వేస్తే జర్మనీ పత్రిక డెర్ ష్పీగెల్ 3,350 పౌండ్లకు కొన్నది. కాఫీ లేకుండానే!

మన పెళ్లిళ్లలో జీలకర్ర-బెల్లం ముహూర్తానికి అతిథులకు కనిపించేది ఏమిటి? ఫొటోగ్రాఫర్ల వీపులు! వేదిక అంచున ఓ కెమెరాను నిలబెట్టి ఫోన్ పట్టుకుని దూరంగా నిలబడే ఫొటోగ్రాఫర్ మీకు దొరికితే వదలకండి. జిమ్మీ జిబ్ అనే క్రేన్‌దీ ఇదే తంతు. పొడవాటి చెయ్యి కొసన కెమెరా గిరగిరా తిరుగుతుంటే, తిప్పేవాడు నేల మీద జాయ్‌స్టిక్‌తో ఉంటాడు. తాళి కట్టేటప్పుడు వధువు కళ్లలో నీళ్లు బాబాయి భుజాల మీదుగా చూడక్కర్లేదు!

క్రికెట్ అభిమానులూ, ఇది మీకు. తీగల మీద వేలాడే స్పైడర్‌క్యామ్ ఓ సెంచరీకి సాయం చేసిందా? 2015 జనవరి, సిడ్నీ టెస్టు. కేఎల్ రాహుల్ 46 పరుగుల దగ్గర లేపిన బంతిని స్టీవ్ స్మిత్ జారవిడిచి, వెంటనే పైనున్న తీగల వైపు చెయ్యి చూపించాడు. రాహుల్ ఆగలేదు. 110 కొట్టాడు, అదే అతని తొలి టెస్టు సెంచరీ. తీగకు స్వీట్లు పంచాల్సింది!

మరి ఆ కెమెరా ఫీల్డర్‌నే కొడితే? అదీ అయింది! 2022 డిసెంబరులో మెల్‌బోర్న్ బాక్సింగ్ డే టెస్టులో దక్షిణాఫ్రికా బౌలర్ ఆన్రిక్ నోర్క్యా ఫీల్డింగ్ స్థానానికి నడుస్తుంటే వెనక నుంచి స్పైడర్‌క్యామ్ వచ్చి గుద్దింది. పడిపోయాడు. లేచాడు. మళ్లీ నిప్పులు చెరిగాడు. బంతి వేగం 150 కిలోమీటర్లు దాటించే మనిషిని కెమెరా ఏం చేస్తుంది!

మీకు తెలుసా? ఫోన్‌తో ఎగరేసే డ్రోన్ జనం ముందుకు 2010 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన ప్యారట్ కంపెనీది. రిమోట్ డబ్బా లేదు, ఐఫోనే రిమోట్. ఫోన్‌ను ఎటు వంచితే అది అటు!

డ్రోన్లలో ఓ తమాషా లెక్క. 2019లో వచ్చిన డీజేఐ మావిక్ మినీ బరువు 249 గ్రాములు. ఎందుకంటే చాలా దేశాల్లో 250 గ్రాములు దాటితే నిబంధనలు మొదలు. అప్పట్లో జపాన్‌లో ఆ హద్దు 200 గ్రాములు. మరి జపాన్‌లో అమ్మిన మావిక్ మినీ బరువెంత? 199 గ్రాములు! చిన్న బ్యాటరీ పెట్టి మరీ ఆ బరువుకు దించారు. మన దేశంలోనూ 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ఒక్క గ్రాము ఎంత విలువైనదో చూశారా!

డ్రోన్ల తాత ఎవరో తెలుసా? పావురం! జర్మనీలో జూలియస్ నాయ్‌బ్రోన్నర్ అనే మందుల షాపాయన పావురాలతో మందులు చేరవేయించేవారు. అవి మోయగలిగేది 75 గ్రాములు. ఆ బరువులోనే దానంతటదే క్లిక్‌మనే కెమెరా చేసి పావురం ఛాతీకి కట్టారు. పేటెంట్ అడిగితే "అసాధ్యం" అని జర్మనీ అధికారులు తిప్పికొట్టారు. ఆయన పావురాలు తీసిన ఫొటోలు పంపించారు. 1908లో పేటెంట్ చేతికొచ్చింది. పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు, గుప్పెడు గింజలు చాలు!

1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక జార్జ్ షైరస్ అనే అమెరికన్ తీసిన 74 వన్యప్రాణుల ఫొటోలు అచ్చేసింది. కొన్నింటిలో ఫొటోగ్రాఫర్ లేనే లేడు. తీగకు జంతువు తగిలితే దాని ఫొటో అదే తీసుకునేది! "పత్రికను బొమ్మల పుస్తకం చేసేశారు" అని సంపాదక మండలిలో ఇద్దరు రాజీనామా చేశారట. నేషనల్ జియోగ్రాఫిక్ ఇప్పుడు దేనికి పేరుపొందిందో వేరే చెప్పాలా?

మన అడవుల్లోనూ అలాంటి మహానుభావుడు ఉన్నారు. 1920ల్లో హిమాలయ పాదాల దగ్గర అటవీ అధికారిగా ఉన్న ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్. తోటి దొరలు తుపాకీతో పులిని వేటాడుతుంటే, ఈయన పులి నడిచే దారిలో తీగ కట్టి ఫొటో తీశారు. పులి కాలు పడగానే క్లిక్! 1927లో ఆ ఫొటోలతో పుస్తకం కూడా వేశారు. దొరల్లో ఇలాంటి మనిషి ఉన్నందుకు ఎంత సంతోషమో!

ఇప్పుడు గిన్నిస్ రికార్డు. కూర్చుని చదవండి! 2018 పులుల గణనలో మన దేశం 26,838 చోట్ల కెమెరాలు పెట్టింది. జంతువు కదలికను పసిగట్టి అవి తీసిన ఫొటోలు 3,48,58,623. మూడున్నర కోట్లు! అందులో పులులవి 76,651, చిరుతలవి 51,777. మిగతావన్నీ జింకలు, పందులు, ఇంకా ఎన్నో. ఒక్కో పులినీ దాని చారల్ని బట్టి గుర్తిస్తారు, ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. అన్నట్టు దేశంలో విస్తీర్ణంలో అతి పెద్ద పులుల అభయారణ్యం ఎక్కడుందో? మన నాగార్జునసాగర్-శ్రీశైలం!

సింహం ముఖాన్ని రెండడుగుల దూరం నుంచి తీయాలి. ఎవరు వెళతారు? బ్రిటన్ ఫొటోగ్రాఫర్ విల్ బురార్డ్-లూకాస్ 2009లో ఓ బొమ్మ కారు మీద కెమెరా ఎక్కించి టాంజానియా అడవుల్లోకి రిమోట్‌తో పంపారు. సింహానికి అది నచ్చింది. నోట కరచుకుని పట్టుకుపోయింది! కెమెరా ముక్కలైంది, మెమరీ కార్డు మాత్రం దక్కింది. ఫొటోలు అదిరిపోయాయి.

కోతి బటన్ నొక్కితే ఫొటో ఎవరిది? ఇండొనేసియాలో డేవిడ్ స్లేటర్ అనే ఫొటోగ్రాఫర్ స్టాండు మీద పెట్టిన కెమెరాతో ఓ కోతి పళ్లికిలిస్తూ సెల్ఫీ దిగింది. కోతి తరఫున అమెరికా కోర్టులో కేసు పడింది! కాపీరైట్ కేసు వేసే హక్కు కోతికి లేదని 2018లో పైకోర్టు తేల్చింది. వాయిదాలకు కోతి ఒక్కసారీ రాలేదు!

రాకెట్ ఎగిరే చోట మనిషి ఉండకూడదు, కెమెరాలే కాపలా. 2018 మే నెలలో కాలిఫోర్నియాలో నాసా ఫొటోగ్రాఫర్ బిల్ ఇంగాల్స్ పెట్టిన కెమెరాల్లో ఒకటి మంటల్లో కరిగి ముద్దయింది. రాకెట్‌కు దగ్గరగా పెట్టినవా? అబ్బే, అవన్నీ క్షేమం! దూరంగా, జాగ్రత్తగా పెట్టినదే గడ్డి అంటుకుని మాడిపోయింది. అది చివరిగా తీసింది ఏమిటి? తన వైపే వస్తున్న మంటల్ని!

ఐరోపాలోని మో బ్లాఁ పర్వతం మీద 3,500 మీటర్ల ఎత్తున, మైనస్ 10 డిగ్రీల చలి. ఓ కెమెరా దానంతటదే తిరిగే పీఠం మీద కూర్చుని 35 గంటల్లో 70,000 ఫొటోలు తీసింది. అన్నీ కలిపి 2015లో 365 గిగాపిక్సెల్స్ బొమ్మగా కుట్టారు. ఆ చలిలో 70,000 సార్లు నొక్కాలంటే వేలే మిగలదు!

చిలీ కొండ మీద వెరా రూబిన్ అబ్జర్వేటరీ కెమెరా సంగతి వినండి. 3,200 మెగాపిక్సెల్స్! ఒక్క ఫొటోను పూర్తిగా చూడాలంటే 378 పెద్ద 4కే టీవీలు పక్కపక్కన పేర్చాలి. బరువు దాదాపు 3 టన్నులు. సెల్ఫీ స్టిక్‌కు కట్టేందుకు ప్రయత్నించకండి!

ఇక చంద్రుడి మీదికి పదండి. 1959 అక్టోబర్ 7న సోవియట్ నౌక లూనా-3 చందమామ వెనకవైపును తీసింది. 29 ఫొటోలు. ఫిల్మును అంతరిక్షంలోనే కడిగి, ఆరబెట్టి, స్కాన్ చేసి భూమికి పంపింది! ఆ ఫిల్ము ఎక్కడిదో తెలుసా? రష్యా చేతికి చిక్కిన అమెరికా గూఢచారి బెలూన్లలోది!

1970 నవంబర్ 17న చంద్రుడి మీద దిగిన లూనొఖోద్-1 బండిని నడిపినవాళ్లు క్రిమియాలో కుర్చీల్లో కూర్చున్నారు. ఎదుట సినిమా లేదు, కొన్ని సెకన్లకో బొమ్మ చొప్పున వచ్చేది. అలా చూసుకుంటూనే 10 కిలోమీటర్లకు పైగా నడిపి 20,000కు పైగా ఫొటోలు తెప్పించారు. డ్రైవింగ్ లైసెన్స్ పరీక్ష అంటే అదీ!

రిమోట్ కెమెరాల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇప్పుడు. 1972 డిసెంబర్ 14, అపోలో 17. ఇద్దరు వ్యోమగాములు చంద్రుణ్ని వదిలి పైకి లేవాలి. ఆ దృశ్యాన్ని తీయడానికి అక్కడ మనిషి ఉండడు. వాళ్లు వదిలేసిన బండి మీదున్న కెమెరాను హ్యూస్టన్ నుంచి నాసా ఉద్యోగి ఎడ్ ఫెండెల్ తిప్పాలి. దూరం 3,84,000 కిలోమీటర్లు. ఆదేశం వెళ్లడానికే 1.3 సెకన్లు, చూసి తిప్పితే నౌక ఎగిరిపోయాక తిప్పినట్టే! అపోలో 15లో కెమెరాను పైకెత్తే యంత్రం మొరాయించింది. అపోలో 16లో నౌక చటుక్కున బొమ్మ దాటిపోయింది. ఈసారి ఆయన తెర వైపు చూడలేదు. ముందే రాసుకున్న లెక్క ప్రకారం, నౌక లేవకముందే "లేపు" అని ఆదేశం పంపారు. కెమెరా తల ఎత్తింది, నౌక ఎగిరింది, రెండూ కలిసి పైకి... పైకి... పైకి! ఆ వీడియో చూడకపోతే ఇవాళే చూడండి. ఇంత గొప్పగా గురి కుదిరిన క్లిక్కు ఇంకోటి లేదు.

మీకు తెలుసా? బడి పిల్లలు అంతరిక్ష కేంద్రంలోని కెమెరాను నడిపారు! అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ మహిళ శాలీ రైడ్ 1995లో మొదలుపెట్టిన ఎర్త్‌క్యామ్ కార్యక్రమమిది. పిల్లలు అక్షాంశ రేఖాంశాలు చూసుకుని ఏ చోటు ఫొటో కావాలో పంపించేవారు, కేంద్రం ఆ చోటు మీదుగా వెళ్లేటప్పుడు కెమెరా తీసేది. భూగోళం పాఠం అంటే నిద్రొచ్చేవాళ్లు కూడా లేచి కూర్చోరూ!

చెప్పుకోండి చూద్దాం, కక్ష్యలోకి వెళ్లిన తొలి స్మార్ట్‌ఫోన్ ఏ ఊరి నుంచి ఎగిరింది? న్యూయార్కా? టోక్యోనా? కాదండీ, మన శ్రీహరికోట! 2013 ఫిబ్రవరి 25న పీఎస్ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లిన ఉపగ్రహాల్లో బ్రిటన్‌కు చెందిన స్ట్రాండ్-1 ఒకటి. పొడవు 30 సెంటీమీటర్లు. లోపల అక్షరాలా షాపుల్లో అమ్మిన గూగుల్ నెక్సస్ వన్ ఫోన్! శూన్యంలో అరిస్తే వినిపిస్తుందా అని చూసేందుకు జనం అరుపులున్న యాప్ కూడా అందులో పంపారు. పులికాట్ కొంగలు సాక్షిగా ఎగిరిన ఫోన్ అది, మనం గర్వపడొద్దూ?

రెండు నెలలైనా తిరక్కుండా ఏప్రిల్ 21న నాసా మూడు ఫోన్లను పంపింది. పేర్లు అలెగ్జాండర్, గ్రాహమ్, బెల్! అవి తీసిన ఫొటోల ముక్కల్ని ప్రపంచంలోని హామ్ రేడియో ఔత్సాహికులు పట్టుకుని అతికించారు. టెలిఫోన్ కనిపెట్టిన ఆయన పేరు మూడు ముక్కలై ఆకాశంలో తిరిగింది!

2023 ఆగస్టు 30 ఉదయం చంద్రుడి దక్షిణ ధ్రువం చేరువలో మన 26 కిలోల ప్రజ్ఞాన్ రోవర్, తనను మోసుకొచ్చిన విక్రమ్ ల్యాండర్‌కు ఫొటో తీసింది. "కాస్త నవ్వండి" అంటూ ఇస్రో ఆ ఫొటోను దేశానికి చూపించింది. తల్లికి పిల్ల తీసిన తొలి ఫొటో!

అంగారకుడి మీద సెల్ఫీకి ఎన్ని క్లిక్కులు? 62! 2021 ఏప్రిల్ 6న పర్సివరెన్స్ రోవర్ తన రోబో చేతితో 62 ఫొటోలు తీస్తే భూమి మీద వాటిని ఒక్కటిగా కలిపారు. పక్కనే ఇంజెన్యూటీ హెలికాప్టర్ కూడా పోజు ఇచ్చింది. ఆ 1.8 కిలోల హెలికాప్టర్ మెదడు ఏమిటో తెలుసా? స్నాప్‌డ్రాగన్ 801. వన్‌ప్లస్ తొలి ఫోన్‌లో, షావోమీ ఎంఐ 4లో ఉన్న చిప్పే! ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నారు, 72 సార్లు ఎగిరింది. మీ సొరుగులో పడున్న పాత ఫోన్‌ను ఒకసారి గౌరవంగా చూడండి!

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. దాని మెమరీ ఎంతో ఊహించండి. 68 జీబీ! మీ అబ్బాయి ఫోన్‌లో గేములకే అది చాలదు.

వాయేజర్-1 చివరి క్లిక్కులు 1990 ఫిబ్రవరి 14న. దూరం 600 కోట్ల కిలోమీటర్లు, ఆదేశం చేరడానికి ఐదున్నర గంటలు. వెనక్కి తిరిగి 60 ఫొటోలు తీసింది. వాటిలో మన భూమి సైజు ఒక్క పిక్సెల్ కూడా లేదు, 0.12 పిక్సెల్! గ్రూప్ ఫొటోలో నేను కనిపించలేదని ఇక ఎవరూ అలగకూడదు.

ఇక మిగిలింది మీ ఇంట్లోది. మీ కంటికి కనబడని రంగును ఫోన్ చూస్తుందని తెలుసా? టీవీ రిమోట్ తీసుకోండి. ఫోన్ ముందు కెమెరా తెరిచి, రిమోట్ ముక్కును దానికి చూపించి ఏదో ఒక బటన్ నొక్కండి. ఊదా రంగులో మిణుకు మిణుకుమంటుంది! అదే పరారుణ కాంతి. పాత నికాన్, క్యానన్ కెమెరాల బుల్లి రిమోట్లు పనిచేసిందీ దాంతోనే. ఐఆర్ బ్లాస్టర్ ఉన్న ఫోన్లు అలాంటి కెమెరాలను క్లిక్ చేసిందీ దాంతోనే. వెనక కెమెరాలో చాలాసార్లు ఆ కాంతిని ఆపే వడపోత ఉంటుంది, అందుకే ముందు కెమెరా అన్నాను. మెరుపు రాలేదా? ఇంకో రిమోట్‌తో చూడండి. దానితో వచ్చిందంటే ఫోన్ భేషుగ్గా ఉన్నట్టే, మొదటి రిమోట్‌లో సెల్స్ మార్చండి!